సీలో ఫైళ్లు: ధాన్యం లెక్కలో ఆఖరి వరుస రెండుసార్లు ఎందుకొస్తుంది?

నమస్కారం అండి. సీ ప్రోగ్రాంతో ఫైల్లో రాయడం, అందులోంచి చదవడం ఈ వీడియోలో చూద్దాం. లెక్క మనకు అలవాటైనదే. కాటా దగ్గరికి ఏ ఊరి నుంచి ఎన్ని బస్తాల ధాన్యం వచ్చిందో వరుసకి ఒకటి చొప్పున రాసుకోవాలి.

ముందు రాయడం. స్క్రీన్ మీద చూడండి: ఫైల్ స్టార్ ఎఫ్‌పీ ఈక్వల్స్ ఎఫ్‌ఓపెన్, బ్రాకెట్లో ఫైలు పేరు, కామా, మోడ్ "ఎ". ఫైల్ అన్న మాట అంతా క్యాపిటల్స్‌లోనే ఉండాలి. మోడ్‌కి డబుల్ కోట్సే పెట్టాలి. సింగిల్ కోట్స్ పెడితే అది స్ట్రింగ్ (అంటే అక్షరాల మాట) కాదు, ఉత్త అంకె. కొత్త కంపైలర్లు చాలావరకు ఎర్రర్ ఇచ్చి ఆపేస్తాయి. పాతవైతే వార్నింగ్ మాత్రమే ఇస్తాయి, పట్టించుకోకపోతే రన్ చేసినప్పుడు ప్రోగ్రాం క్రాష్ అవుతుంది.

"ఎ" అంటే ఉన్నదాని చివర కలపమని. దాని బదులు "డబ్ల్యూ" పెట్టారో, ఓపెన్ చేసిన క్షణానే పాత ఫైలు ఖాళీ అయిపోతుంది, మీరు ఒక్క అక్షరం రాయకపోయినా సరే. నిన్నటి లెక్కంతా గోదాట్లో కలిసినట్టే.

ఓపెన్ కాకపోతే ఎఫ్‌ఓపెన్ నల్ ఇస్తుంది. అది చూసుకుని పెర్రర్ పిలవండి, కారణం అదే చెబుతుంది. చదివేటప్పుడు "నో సచ్ ఫైల్" అని వస్తే రెండు చోట్ల వెతకండి. ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోంది? నోట్‌ప్యాడ్ మీ ఫైలుకి డాట్ టీఎక్స్‌టీ రెండుసార్లు తగిలించిందా?

ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో రాసేటప్పుడు చివర బ్యాక్‌స్లాష్ ఎన్ మరిచిపోకండి, కొత్త వరుస మొదలుపెట్టే న్యూలైన్ గుర్తు అదే. పని అయ్యాక ఎఫ్‌క్లోజ్. రాసింది ముందు బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక చోట ఉంటుంది, వెంటనే డిస్కుకి చేరదు. ఈలోగా కరెంటు పోతే ఆ వరుసలు పోయినట్టే.

ఇక చదవడం. అసలు తిప్పలన్నీ ఇక్కడే. ఫైల్లో మూడు వరుసలున్నాయి: మార్టేరు 42, రావులపాలెం 35, అంబాజీపేట 58. మొత్తం 135 బస్తాలు. చాలామంది "వైల్ నాట్ ఎఫ్‌ఈఓఎఫ్", అంటే ఫైలు అయిపోనంతసేపు తిరగమని లూప్ రాసి, లోపల ఊరి పేరు, అంకె చదవడానికి ఎఫ్‌స్కాన్‌ఎఫ్ పెడతారు. రన్ చేస్తే 193 వస్తుంది. బస్తా 75 కిలోల లెక్కన 4,350 కిలోల లేని ధాన్యం పుట్టుకొచ్చింది!

ఎందుకంటే 58 చదివాక దాని వెనకున్న న్యూలైన్ ఇంకా మిగిలే ఉంది. ఫైలు అయిపోయిందని ఎఫ్‌ఈఓఎఫ్‌కి అప్పటికి తెలియదు. చదవబోయి ఏమీ దొరకనప్పుడే తెలుస్తుంది. లూప్ మళ్లీ తిరుగుతుంది, ఎఫ్‌స్కాన్‌ఎఫ్ ఫెయిలవుతుంది, వేరియబుల్‌లో పాత 58 అలాగే ఉంటుంది, మనం దాన్నే మళ్లీ కూడతాం. చిత్రమేమిటంటే, ఆఖరి వరుస తర్వాత ఎంటర్ కొట్టని ఫైల్లో ఈ తప్పు బయటపడదు. అందుకే ఒకరి దగ్గర సరిగ్గా నడిచి ఇంకొకరి దగ్గర తేడా వస్తుంది.

మందు ఒకటే. ఎఫ్‌స్కాన్‌ఎఫ్ ఎన్ని విలువలు చదివిందో తిరిగి చెబుతుంది. ఊరి పేరు, అంకె రెండూ దొరికి అది 2 అయినంతసేపే లూప్ తిప్పండి. ఇప్పుడు 135 వచ్చింది.

సరే, రావులపాలెం తీసి "పి గన్నవరం 35" అని పెట్టి చూడండి. మొత్తం 42 దగ్గరే ఆగిపోయింది, ఎర్రర్ కూడా లేదు. ఎఫ్‌స్కాన్‌ఎఫ్‌లో పేరు చదివే పర్సెంట్ ఎస్ ఖాళీ దగ్గర ఆగుతుంది కాబట్టి పేరు "పి" అయింది, అంకె ఉండాల్సిన చోట "గన్నవరం" తగిలింది, తిరిగొచ్చింది 1.

అందుకని ఊరికీ అంకెకీ మధ్య కామా పెట్టండి. 100 అక్షరాల అర్రేలోకి ఎఫ్‌గెట్స్‌తో వరుస మొత్తం తెచ్చుకుని, ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో విడగొట్టండి. ఫార్మాట్ స్క్రీన్ మీద ఉంది: పర్సెంట్ 49, స్క్వేర్ బ్రాకెట్లలో క్యారెట్, కామా, బయట ఇంకో కామా, పర్సెంట్ డీ. కామా వచ్చేదాకా ఏమున్నా పేరేనని దానర్థం. పేరు అర్రే సైజు 50, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నాకి ఒక చోటు వదిలాం కాబట్టి 49. పేర్లు తెలుగులో రాస్తే యూటీఎఫ్-8లో "రా" ఒక్కటే 6 బైట్లు, సైజు పెంచుకోండి.

ఎస్‌స్కాన్‌ఎఫ్ 2 ఇవ్వకపోతే ఆ వరుస నంబరు ప్రింట్ చేసి తర్వాతి వరుసకి వెళ్లండి. ఒక్క చెడ్డ వరుస కోసం మిగతా లెక్క ఆగక్కర్లేదు.