సీఈఓల బడి సరే, మీ పిల్లలకి సరిపోతుందా? బేగంపేట హెచ్‌పీఎస్ రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌ది. సీటు కోసం తిరిగే అమ్మానాన్నలు నన్ను అడిగేది ఒకటే, "అక్కడ చదివితే సీఈఓలవుతారట కదా?"

మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల, అడోబీ శంతను నారాయణ్, మాస్టర్‌కార్డ్ మాజీ సీఈఓ అజయ్ బంగా ముగ్గురూ ఇక్కడ చదివినవాళ్లే, కాదనను. కానీ వీళ్ల ఫొటోలతో రీల్స్ చేసేవాళ్లు ఒక మాట దాటేస్తారు. ఇక్కడ ఆడపిల్లల్ని చేర్చుకున్నది 1988లో. ఆ ముగ్గురూ అంతకుముందే, మగపిల్లల బడిలో చదివి వెళ్లిపోయారు. మీరు ఫీజు కట్టబోయేది ఆ బడికి కాదు.

అసలు ఇది మనలాంటివాళ్ల కోసం పెట్టిందీ కాదు. 1923లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, జాగీర్దార్ల, అంటే నిజాం ఇచ్చిన భూముల మీద శిస్తు హక్కున్న దొరల కొడుకుల కోసం మొదలైంది. పేరే జాగీర్దార్స్ కాలేజ్. ఇంగ్లండ్‌లో పెద్దింటి పిల్లలు చదివే ఈటన్ స్కూల్ దీనికి నమూనా. 1949లో జాగీర్లే రద్దయ్యాయి. జాగీరు పోయాక జాగీర్దారు కొడుక్కి ప్రత్యేకంగా బడెందుకు? 1951లో పేరు మార్చి అందరికీ తలుపు తీశారు. అప్పటిదాకా వంశం అడిగేవారు, ఇప్పుడు ఫీజు అడుగుతున్నారు!

నా ఓటు మాత్రం స్థలానికి. అపార్ట్‌మెంట్‌ లాంటి బిల్డింగుల్లో, సెల్లార్‌లో పీటీ పీరియడ్ నడిపే ఊరు మనది. ఇక్కడేమో నగరం నడిబొడ్డున వంద ఎకరాలు దాటిన క్యాంపస్, కమాన్లు, గుమ్మటాల పాత భవనం, కళ్లు చాలనంత గ్రౌండు. 2008 మార్చిలో శంషాబాద్ వెళ్లిపోయేదాకా ఎయిర్‌పోర్టు కూడా పక్కనే ఉండేది.

పిల్లల్ని నాగార్జున, నలంద, తక్షశిల, విజయనగర అని నాలుగు హౌస్‌లుగా విడగొడతారు. ఇక పోటీలన్నీ వాటి మధ్యే. నాదెళ్ల ఇప్పటికీ చెప్పేది క్లాసు మార్కుల గురించి కాదు, క్రికెట్ గురించే. ఒకరోజు ఆయన బౌలింగ్ తేలిపోతుంటే కెప్టెన్ బంతి తీసుకుని, తానే వికెట్ పడగొట్టి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చాడట. అలాంటిది జరగాలంటే ముందు గ్రౌండ్ ఉండాలి కదండీ.

ఇక ఇబ్బందులు. సిలబస్ పదో తరగతి దాకా ఐసీఎస్ఈ, ఆ తర్వాత రెండేళ్లూ ఐఎస్సీ, అంటే మన రాష్ట్ర బోర్డుది కాదు. ఇంగ్లిష్ పుస్తకాలు ఎక్కువ, రాత ఎక్కువ. ఇంజనీరింగ్ ఎంట్రెన్స్‌కి, అంటే ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఎప్‌సెట్‌కి, ఇంటర్ సిలబస్ కావాలి కాబట్టి, ఇంజనీరింగ్ గురి ఉన్న ఇళ్లలో పదో తరగతి అవ్వగానే టెన్షన్ మొదలవుతుంది. ఉంచాలా, ఇంటర్ కాలేజీలో వేయాలా? ఆ లెక్క ఎల్‌కేజీలో చేర్చేటప్పుడే వేసుకోండి.

రానూపోనూ సంగతి కూడా చూసుకోండి. బేగంపేటలో మెట్రో స్టేషన్ ఉంది, కానీ కూకట్‌పల్లి నుంచి వస్తే అమీర్‌పేటలో రైలు మారాలి. భుజాన అంత బ్యాగుతో ఒకటో తరగతి పిల్లని ఆ జనంలో మారుస్తారా? అటువైపు ఉండేవాళ్లయితే ముందు బస్సు రూటు కనుక్కుని, అప్పుడు అప్లికేషన్ నింపండి.