మిరియాల ఘాటును పట్టే బొగ్గుపులుసు వాయువు

[దృశ్యం: హైదరాబాద్, మే నెల మధ్యాహ్నం. ఒక కార్యాలయం వరండాలో మంటలార్పే ఎర్రటి సిలిండర్.]

ఈ సిలిండర్‌లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. పాత సైన్సు పుస్తకాల్లో దీని పేరు బొగ్గుపులుసు వాయువు. చలికాలం ఉదయం చూస్తే ఇందులో అడుగున ద్రవం, పైన వాయువు ఉంటాయి. ఇప్పుడు నీడలోనే 40 డిగ్రీలు. ఆ రెండింటి మధ్య గీత చెరిగిపోయి, ద్రవమని గానీ వాయువని గానీ చెప్పలేని ఒకే పదార్థం మిగిలింది.

31 డిగ్రీల వేడి, మామూలు గాలి పీడనానికి సుమారు 73 రెట్లు. ఈ రెండు హద్దులూ దాటితే అది సూపర్ క్రిటికల్ స్థితి. 1822లో ఫ్రెంచి శాస్త్రవేత్త కన్యార్ ద లా తూర్ ఇలాంటి మార్పును చెవితో పట్టుకున్నాడు! తుపాకీ గొట్టంలో ద్రవాన్నీ, చెకుముకి రాతి గుండునూ పెట్టి మూసి, వేడిచేసి దొర్లించాడు. ఒక వేడి దాటాక ద్రవం చిందే చప్పుడు ఆగిపోయింది.

[దృశ్యం: బేగంబజార్. మిరియాల బస్తా.]

నాలుగు మిరియాలు దంచండి. ముక్కుకు తగిలే వాసన నూనెలది, నాలుకకు తగిలే ఘాటు పైపరిన్‌ది. ఆవిరి పట్టి తీస్తే ఆ వేడికి సున్నితమైన పరిమళాలు కొన్ని చెడిపోతాయి, ఘాటేమో పొడిలోనే ఉండిపోతుంది. అసిటోన్ లాంటి ద్రావణితో తీస్తే రెండూ వస్తాయి గానీ, తర్వాత ఆ ద్రావణిని సారంలోంచి వెళ్లగొట్టడం పెద్ద పని.

సూపర్ క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ వాయువులా పొడి సందుల్లోకి దూరుతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. పీడనం కాస్త తక్కువగా ఉంచితే ముందు వాసన నూనెలు దిగుతాయి. పెంచితే పైపరిన్ కూడా కదులుతుంది.

[దృశ్యం: ఉక్కు పాత్రలు, గొట్టాలు. రెండో పాత్రలో పీడనం తగ్గుతోంది.]

ఈ పద్ధతి మీద నాకు మక్కువ కలిగించినది ఈ క్షణమే. పీడనం తగ్గగానే కరిగించుకునే శక్తి పోతుంది, వాయువు లేచిపోతుంది, సారం అడుగున చేరుతుంది. ఆ వాయువునే పట్టి మళ్లీ వాడతారు. అంత పీడనానికి తట్టుకునే దళసరి ఉక్కు పాత్రలకు ఖర్చెక్కువ. అందుకే ఖరీదైన సారాలకే ఈ పద్ధతి గిట్టుబాటవుతుంది.

నిజామాబాద్ పసుపు దగ్గర మాత్రం ఇది సగం పనే చేస్తుంది. పరిమళ నూనె సులువుగా వచ్చేస్తుంది. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్‌ను కదిలించాలంటే కొంత ఇథైల్ ఆల్కహాల్‌ను తోడివ్వాలి. అది కలపకపోతే, పని ముగిసి పాత్ర తెరిచాక కూడా లోపలి పొడి నిండు పసుపు రంగులోనే కనిపిస్తుంది.