ఛాన్స్ కోసం ఆగకండి, మీ చేతిలో ఉన్నదాంతోనే సినిమా మొదలుపెట్టండి

నమస్తే అండి. బౌండ్ స్క్రిప్ట్ (పూర్తిగా రాసి బైండ్ చేయించిన సినిమా కథ) పట్టుకుని హైదరాబాద్ కృష్ణానగర్‌లో సినిమా ఆఫీసుల చుట్టూ నేను రెండేళ్లు తిరిగాను. నేను కథ చెబితే విన్నవాళ్లంతా ‘బాగుంది, ఫోన్ చేస్తాం’ అనేవాళ్లు, ఆ ఫోన్ రాలేదు. అది పోనివ్వండి, ఆ రెండేళ్లలో నేను ఒక్క షాట్ కూడా తీయలేదు, ఇప్పటికీ బాధ దానికే.

కాబట్టి ముందే కథ రాయడానికి కూర్చోకండి. ఒక కాగితం తీసుకుని, నోరు తెరిచి అడిగితే మీకు దొరికేవన్నీ రాయండి: మేనమామ కిరాణా కొట్టు, పక్కింటి మేడ, పొద్దున్నే ఖాళీగా ఉండే బస్టాండు, కబుర్లు బాగా చెప్పే పెద్దమ్మ. కథ వాటిలోంచి పుట్టాలి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడండి. వెంకటేష్ మహా ఆ సినిమాను విశాఖలోని కంచరపాలెంలోనే తీశారు, నటించిన 80 మందికి పైగా మనుషుల్లో ఎక్కువమంది అక్కడివాళ్లే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లే. నిర్మాత పరుచూరి ప్రవీణ అమెరికాలో డాక్టర్. రానా, సురేష్ ప్రొడక్షన్స్ విడుదలకు ముందుకొచ్చింది సినిమా తయారయ్యాక.

మొదటిసారికి మూడు పేజీల స్క్రిప్ట్ చాలు, పేజీకి తెరమీద సుమారు నిమిషం లెక్క. ఇద్దరు మనుషులు, ఒకే చోటు. రాశాక డైలాగులు పైకి చదవండి, మీ పెద్దమ్మ నోట పలకని మాట ఉంటే కొట్టేయండి.

కెమెరాకు ఫోన్ సరిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు పెట్టి, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతు ఉంచితే మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ల కింద కూడా ఫ్లికర్, అంటే బొమ్మ మినుకుమినుకుమనడం, రాదు. నన్నడిగితే అసలు కష్టం సౌండ్‌తోనే, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు గానీ మాట వినపడకపోతే పది సెకన్లు కూడా ఆగరు. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేయండి. ఇంకో ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నటించేవాళ్ల జేబులో రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి, షాట్ మొదట్లో కెమెరాకు కనపడేలా ఒక్కసారి చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో బొమ్మ, సౌండ్ రెండూ కలపడం తేలిక. సీన్ అయ్యాక ఎవరూ కదలకుండా అరనిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డ్ చేసుకోండి, కట్‌లు కలిసేచోట అదే కాపాడుతుంది.

ఇంకొకటి, వచ్చినవాళ్లకు డబ్బు ఇవ్వలేకపోతే ఆ మాట ముందే చెప్పండి, భోజనం మాత్రం వేళకు పెట్టండి. పెద్దమ్మను ఎండలో నిలబెట్టకండి, ఆవిడ షాట్లు ముందు తీసేసి ఇంటికి పంపించండి.