ఏజెంటును తప్పించి రిజిస్ట్రేషన్: కమీషన్ అడిగే హక్కు ఉందా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఏజెంటు ఇల్లు చూపిస్తాడు. తర్వాత ఓనరు, కొనే పార్టీ ఫోన్లో మాట్లాడుకుని, అతనికి చెప్పకుండా రిజిస్ట్రేషన్ చేసేసుకుంటారు. ఇలా కమీషన్ పోగొట్టుకున్న ఒక ఏజెంటు వీడియో ఇప్పుడు అందరి ఫోన్లలో తిరుగుతోంది. మాట్లాడటానికి ముగ్గురు వచ్చారు, ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాం. లాయర్ గారూ, అసలు రెరా నంబరు, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో నమోదు నంబరు, లేని ఏజెంటు కమీషన్ అడగొచ్చా?

న్యాయవాది: ముందు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం చూడాలండి. 219వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అప్పగించిన పని పూర్తయ్యాకే ఏజెంటుకు డబ్బు రావాలి. పని పూర్తవడమంటే...

ఏజెంట్: పార్టీని తెచ్చామంటే మా పని అయిపోయినట్టే సార్!

న్యాయవాది: అక్కడికే వస్తున్నా...

ఏజెంట్: ఒక్క నిమిషం, నన్ను చెప్పనివ్వండి. ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ తీయించేది మేము, ఇల్లు చేతులు మారిన పాత కాగితాలు, ఆ లింకు డాక్యుమెంట్లు చూపించేది మేము, ఎండలో ఇళ్లన్నీ తిప్పేది మేము. బయానా దాకా అన్నా అన్నా అంటారు. అగ్రిమెంట్ రోజు ఫోనెత్తరు. ఇది మా కష్టం ఎగ్గొట్టడం కాదా?

ఇంటి యజమాని: మా సంగతి కూడా వినాలి కదండీ. మా ఇల్లు అమ్మిన ఏజెంటు మా దగ్గరా తీసుకున్నాడు, కొన్నవాళ్ల దగ్గరా తీసుకున్నాడు. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

ఏజెంట్: ఎవరో ఒకరు చేశారని అందర్నీ అంటే ఎలా మేడమ్?

న్యాయవాది: దానికి 220వ సెక్షన్ ఉంది. పనిలో అక్రమానికి పాల్పడిన ఏజెంటుకు ఆ మేరకు ప్రతిఫలం రాదు.

వ్యాఖ్యాత: నా ప్రశ్న అలాగే ఉంది. రెరా నంబరు?

న్యాయవాది: 2016 రెరా చట్టం 9వ సెక్షన్ ప్రకారం, రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మించాలంటే ఏజెంటు కూడా నమోదై ఉండాలి. లేకపోతే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు. ఎవరో తమ పాత సొంతిల్లు అమ్ముకోవడం వేరు.

వ్యాఖ్యాత: అంటే నంబరు లేకపోతే కమీషన్ లేదు. అంతేగా?

న్యాయవాది: ఆ చట్టంలో అలా సూటిగా రాసి లేదు. ఒప్పందమే చెల్లదని కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ కింద ఎదుటివాళ్లు వాదిస్తారు...

ఏజెంట్: నంబరు, నంబరు! ఫీజు కట్టి నంబరు తీసుకున్నవాళ్లకూ ఎగ్గొడుతున్నారు సార్. పైగా కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ!

ఇంటి యజమాని: జీఎస్టీ బిల్లు మాకెవరూ ఇవ్వలేదే?

ఏజెంట్: బిల్లిస్తే ఆ పద్దెనిమిది శాతం మీరు కడతారా?

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. జీఎస్టీ గొడవ కాసేపు సాగింది.)

న్యాయవాది: అసలు విషయానికి వద్దాం. 1941లో ఇంగ్లండ్‌లో లక్సర్ కేసు. కొనడానికి సిద్ధమైన పార్టీని ఏజెంటు తెచ్చాడు, ఓనర్లు అమ్మలేదు. అమ్మకం పూర్తయితేనే కమీషన్ అన్నది ఒప్పందం. అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ అతనికి ఏమీ రాదంది.

ఏజెంట్: అది అమ్ముడుపోని ఆస్తి! మాది అమ్ముడైంది సార్, అదీ మేం తెచ్చిన పార్టీకే!

న్యాయవాది: నిజమే, తేడా ఉంది. అమ్మకానికి అసలు కారణం ఏజెంటేనని రుజువైతే, అతన్ని తప్పించి రిజిస్ట్రేషన్ చేసుకున్నా కమీషన్ కోసం దావా వేయొచ్చు. మామూలుగా మూడేళ్ల గడువుంటుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే చాలా బలం. లేకపోతే వాట్సాప్ మెసేజీలు, సాక్షులు...

ఏజెంట్: విన్నారా! దావా వేయొచ్చన్నారు! పార్టీని తెచ్చినవాడిదే కమీషన్. నేను మొదటినుంచీ చెప్తున్నది అదే.

ఇంటి యజమాని: రుజువైతే అన్నారు. అసలు ఎంత శాతం ఇవ్వాలో చట్టంలో ఉందా?

న్యాయవాది: రెరా చట్టం రేటు పెట్టలేదు. మాట్లాడుకున్నదే...

ఏజెంట్: రేటు అందరికీ తెలుసు మేడమ్. ముందు ఒప్పుకుంటారు, తాళాలు చేతికొచ్చాక బేరమాడతారు!

ఇంటి యజమాని: నేను ఒప్పుకోలేదు, ఎక్కడా సంతకం...

ఏజెంట్: సంతకం అడిగితే నమ్మకం లేదా అంటారు! అడగకపోతే కాగితమేదీ అంటారు!

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. మేడమ్, పది సెకన్లలో...

ఇంటి యజమాని: రెండు వైపులా తీసుకునే సంగతి ఇంకా...

ఏజెంట్: రెండు వైపులా పని చేస్తేనే తీసుకుంటాం!

వ్యాఖ్యాత: లాయర్ గారూ, చివరిగా ఒక్క మాటలో, రెరా నంబరు లేకపోతే?

న్యాయవాది: ఒక్క మాటలో చెప్పే విషయం కాదండీ అది.

ఏజెంట్: నేను చెప్తాను సార్...

వ్యాఖ్యాత: విరామం తర్వాత వార్తలు.