ముందు ట్యాంకు చూడండి, ఆ తర్వాతే కార్బరేటర్
(అనంతపురంలో ఆయుధ పూజ సందర్భంగా మెకానిక్కులు, ఆటోమొబైల్ డిప్లొమా విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ యాంకరమ్మ ఇందాకే చదివింది కాబట్టి నేను మళ్లీ చదవను. మెకానిక్ సోదరులకు, చదువుకుంటున్న పిల్లలకు పండగ శుభాకాంక్షలు.

కరపత్రంలో ‘పాత వాహనాల సంరక్షణ’ అని వేశారు. అది చాలా పెద్ద సంగతి. నేను అందులో ఒక్క ముక్కే తీసుకుంటాను. ఏళ్ల తరబడి నిలబడిపోయిన పాత స్పోర్ట్స్ కారుకు పెట్రోలు మళ్లీ లెక్కగా అందేటట్టు చేయడం ఎలా? ఈ మధ్య మన ఊళ్లోనే అలాంటి బండి ఒకటి నా షెడ్డుకు వచ్చింది. ఆ పని నాకు చాలా సంతోషం ఇచ్చింది, అంతే కోపమూ తెప్పించింది. రెండూ చెప్తాను.

బండి ఎంజీ కంపెనీ వాళ్ల ఎంజీఏ. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1955 నుంచి 1962 దాకా తయారుచేశారు. రెండే సీట్లు, నేలకు ఆనినట్టుంటుంది. పిల్లలూ, ఇదేదో మనకు సంబంధం లేని విదేశీ బండి అనుకోవద్దు. దీని ఇంజన్ 1489 సీసీ, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ-సిరీస్. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిందీ ఆ 1489 సీసీ ఇంజనే. అంబాసిడర్ టాక్సీల కాలంలో పానా పట్టిన పాత మేస్త్రీలు ఎవరైనా ఈ బానెట్ ఎత్తితే చుట్టాన్ని చూసినట్టే ఉంటుంది. ముఖ్యమైన తేడా ఒకటి ఉంది. దీనికి గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే ఎస్‌యూ కార్బరేటర్లు జంటగా ఉంటాయి, అంగుళంన్నర సైజువి.

ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. ఆ స్కిన్నర్ కుటుంబానిది చెప్పుల వ్యాపారం. మొదట్లో వాళ్ల కార్బరేటర్‌లో పిస్టన్ ఉన్న చోట తోలు తిత్తి ఉండేది. తర్వాత లోహపు పిస్టన్ వచ్చింది. ఇంజన్ ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత పైకి లేస్తుంది. దాని అడుగున ఒక సూది ఉంటుంది, కిందికి పోయేకొద్దీ సన్నగా చెక్కి ఉంటుంది. ఆ సూది జెట్ అనే పెట్రోలు రంధ్రంలోకి దిగి ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ ఆ జెట్‌లో సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఐడ్లింగ్‌కైనా, ఫుల్ యాక్సిలరేటర్‌కైనా ఆ ఒక్క జెట్టే. ఇంత తక్కువ సామానుతో ఇంత తెలివైన పని చేసే యంత్రం నేను ఇంకొకటి చూడలేదు.

ఇక నిలబడిన బండికి ఏమవుతుందో చూద్దాం. పెట్రోలులో తేలికైన భాగం ముందు ఎగిరిపోతుంది. మన అనంతపురం ఎండలో రేకుల షెడ్డు కింద ఇంకా త్వరగా పోతుంది. మిగిలింది గాలి తగిలి చిక్కబడి, బంకలాగా ట్యాంకు అడుగున, పైపుల్లో, కార్బరేటర్ పక్కన పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్‌లో అంటుకుంటుంది. మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన పోయి వార్నిష్ వాసన కొడుతుంది. ఆ వాసన వస్తే సెల్ఫ్ కొట్టొద్దు. దండం పెట్టి చెప్తున్నాను, కొట్టొద్దు. ఆ బంకనంతా మీ చేతులతో మీరే లోపలికి పంపినట్టు అవుతుంది.

ట్యాంకు దించి, ఖాళీ చేసి, తుప్పు కడిగి, ఆరబెట్టాలి. తర్వాత పంపు. ఎంజీఏలో అది కరెంటు పంపు, వెనకవైపు ఉంటుంది. లోపల కరెంటు కలిపి తెంపే పాయింట్లు నల్లబడితే పంపు కదలదు. శుభ్రం చేసి కీ తిప్పితే టక్ టక్ అని కొట్టి, ఫ్లోట్ చాంబర్లు నిండగానే ఆగిపోవాలి. ఆగకుండా కొడుతూనే ఉందంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా పెట్రోలు కారుతోంది. ఈ పని చేసేటప్పుడు పక్కన ఇసుక బకెట్టు పెట్టుకోండి, బీడీ ముట్టించేవాళ్లను బయటికి పంపండి.

ఆ తర్వాత ఫ్లోట్, జెట్... ఇక్కడ నేను ఆగాలి. కోపం సంగతి ఇక్కడే ఉంది.

ఈ బండి ముందు నా దగ్గరికి రాలేదు. పదేళ్లకు పైనే నిలబడ్డ కారును ఆ ఇంటివాళ్లు ఒక పెద్ద నగరంలో పేరున్న గ్యారేజీకి పంపారు. అక్కడ ట్యాంకు దించలేదు, పంపు విప్పలేదు. బండి మిస్సింగ్ కొడుతోందని నేరుగా కార్బరేటర్ల మీద పడ్డారు. ఎంత తిప్పినా కుదరకపోయేసరికి రెండింటినీ పీకి, ఒక ప్లేటు వెల్డింగ్ చేసి, వేరే కారు కార్బరేటర్ ఒకటి బిగించారు. పెద్ద బిల్లు వేశారు. పీకిన సామాను ఏదయ్యా అని యజమాని పట్టుబడితే ఒక గోనెసంచి చేతిలో పెట్టారు.

ఆ సంచి నా బల్ల మీద కుమ్మరించినప్పుడు నాకు నోట మాట రాలేదు. పిస్టన్లు ఒకదానివి ఒకదానికి మారిపోయి ఉన్నాయి. ఎస్‌యూలో పిస్టన్, దాని మీద బోర్లించే గిన్నె ఫ్యాక్టరీలోనే జత కలిపి పంపిస్తారు. దీనిది దానికి పెట్టకూడదు. సరే, జతలు నేను విడదీసి కలుపుకోగలను. కానీ ఒక పిస్టన్ మీద గీతలు ఉన్నాయి. వెలుతురులో పెట్టి తిప్పి చూస్తే అంచు చుట్టూ అడ్డంగా సన్నటి గీతలు. ఎమరీ పేపర్ పెట్టి రుద్దారు! మెరుస్తోంది కదా, శుభ్రం అయిందనుకున్నారు.

అప్పా, ఆ అంచుకీ గిన్నె గోడకీ మధ్య వెంట్రుకంత సందు. ఆ సందే దాని ప్రాణం. దాన్ని పాత గుడ్డతో, పెట్రోలుతో తుడవాలి, అంతే. పిస్టన్ చిల్లులు మూసి, పిస్టన్ ఒక్కసారిగా లేవకుండా ఆపే డ్యాంపర్ పెట్టి, తలకిందులుగా పట్టుకుంటే గిన్నె నిదానంగా కిందికి దిగాలి. అంగుళంన్నర కార్బరేటర్‌కు 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. ఒక జత అట్లాగే దిగింది. రుద్దినది ఠపీమని పడిపోయింది.

ఎస్‌యూ సామాను బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది కాబట్టి సరిపోయింది. యజమాని తెప్పించాడు, కస్టమ్స్‌తో సహా డబ్బు పోసి. ఇంకొకరైతే ఏం చేసేవాళ్లు? బండిని పాత ఇనుము కింద అమ్మేవాళ్లు. ఎవరి తాత కొన్న బండో అది. తెలియని పని చేతికి వస్తే, నాకు రాదు, తెలిసినవాళ్ల దగ్గరికి పొండి అని చెప్పడానికి ఏం అడ్డం? ఇక్కడ షెడ్డు యజమానులు ఉన్నారు, మిమ్మల్నే అడుగుతున్నాను. విప్పిన ప్రతి ముక్కా కవర్లో వేసి, ఏ పక్కదో రాసి, కస్టమర్ చేతికి ఇవ్వండి. అది వాళ్ల సొత్తు.

సరే, జెట్ దగ్గర ఆగాం. ఈ మోడల్‌లో జెట్ చుట్టూ బెండు సీళ్లు ఉంటాయి. ఎండిపోతే అడుగు నుంచి పెట్రోలు కారుతుంది. అన్నీ మార్చండి. చోక్ వైరు లాగి వదిలితే రెండు జెట్లూ పూర్తిగా పైకి రావాలి. ఒకటి మధ్యలో ఇరుక్కుంటే ఆ వైపు ప్లగ్గులు నల్లబడతాయి, మీరేమో పెట్రోలు-గాలి మిక్చర్ తప్పు అనుకుంటారు. యాక్సిలరేటర్‌తో తిరిగే థ్రాటిల్ కడ్డీ అరిగి ఊగుతోందేమో వేలితో కదిపి చూడండి. అక్కడ గాలి దూరితే ఏ సెట్టింగూ నిలవదు. వాల్వ్ క్లియరెన్స్, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల గ్యాప్, టైమింగ్ ముందే సరిచేసుకోండి. ఇవన్నీ అయ్యాకే జెట్‌ను పైకీ కిందికీ జరిపే మిక్చర్ నట్టు ముట్టుకోవాలి. ఇది నేను మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోవద్దు. చాలాసార్లు కార్బరేటర్‌కు ఏ పాపమూ తెలియదు.

ఆ నట్టుకు ఆరు పక్కలు. పూర్తిగా పైకి బిగించి, అక్కడి నుంచి 12 పక్కలు, అంటే రెండు చుట్లు కిందికి దించితే స్టార్టవుతుంది. డ్యాంపర్‌లో 20 గ్రేడు ఆయిల్ పోయండి. ఇంజన్ బాగా వేడెక్కనివ్వండి. ఎయిర్ ఫిల్టర్లు తీసి, రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బరేటర్ నోటి దగ్గర పెట్టండి. బుస్సుమనే శబ్దం రెండింటిలోనూ ఒక్కటే అయ్యేదాకా థ్రాటిల్ స్క్రూలు సర్దండి. ఆ గాలిని కొలిచే మీటర్లు వచ్చాయి, వాడండి, కాదనను. కానీ ముందు చెవికి నేర్పండి.

ఆ తర్వాత మిక్చర్. పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కంటే తక్కువే, కొంచెం పైకి లేపండి. ఇంజన్ వేగం పెరిగి అట్లాగే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. ఒక్క క్షణం కొద్దిగా పెరిగి మామూలు అయితే సరిగ్గా ఉన్నట్టు. నట్టును ఒకసారికి ఒక పక్క మేరకే తిప్పండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలు గురించి కూడా చెప్పాలి. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపినది రావడం మొదలైంది. ఈ బండ్లను దాని కోసం తయారుచేయలేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది, ట్యాంకులో మిగిలిన బంకను ఊడదీసి ఫిల్టర్‌లోకి తెస్తుంది. అందుకే పైపులు దానికి తట్టుకునే రకంవి వేయండి, మొదటి నెలల్లో ఫిల్టర్ తరచుగా చూడండి. దాంతో మిక్చర్ పల్చబడుతుంది కాబట్టి, పాత పుస్తకంలో ఉన్న సెట్టింగ్ దగ్గరే ఆగిపోకుండా ఇంజన్ అడిగితే నట్టును ఒక పక్క మేరకు కిందికి దించండి. బండిని మళ్లీ నెలల తరబడి నిలబెట్టేటట్టయితే పెట్రోలు తీసేసి నిలబెట్టండి.

ఇంకా చెప్పాల్సింది ఉంది కానీ భోజనాలకు పిలుస్తున్నారు. ఆ గీతలు పడిన పిస్టన్ తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. పక్కనే మంచి జత కూడా ఉంది. డిప్లొమా పిల్లలు ముందు రండి, ఒక్కొక్కరు తలకిందులుగా పట్టుకుని సెకన్లు లెక్కపెట్టండి. చేతులు తుడుచుకుని రండి, మట్టి తగలకూడదు.