ఆచార్యుడు, కుర్చీ, జవాజా

శిష్యురాలు: శ్రోతలకు నమస్కారం. క్రిందటి భాగంలో మాట ఇచ్చినట్లుగానే ఈ రోజు మన విషయం, 1981లో అహ్మదాబాదు ఐఐఎంలో చేరి మూడు దశాబ్దాలకు పైగా అక్కడే పాఠం చెప్పిన ఆచార్య అనిల్ గుప్తా గారి అధ్యాపక జీవితం, తరగతి గది దాటి ఆయన పెంచిన హనీ బీ నెట్‌వర్క్, అంటే ఊళ్లలోని మనుషుల ఆవిష్కరణలనూ తెలివినీ వాళ్ల పేరుతోనే నలుగురికీ చేర్చే బృందం. అయితే మాస్టారు తెచ్చిన కాగితాల కట్టను చూస్తుంటే నాకు కొంచెం భయంగా ఉన్నది, ఎందుకంటే అన్నింటికంటే పైన ఆ పసుపు ఫైలే ఉన్నది.

మాస్టారు: దాన్ని తెరవనమ్మా. కాగితాలు గాలికి ఎగరకుండా బరువుకోసం తెచ్చాను.

శిష్యురాలు: పోయినసారీ అదే అన్నారు. సరే, గుప్తా గారి దగ్గరకు వద్దాం. జన్యుశాస్త్రం చదివిన ఆయన ఆ తరువాత మేనేజ్‌మెంటులో పరిశోధన చేసి, 1986లో కురుక్షేత్ర విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ఆ రోజుల్లోనే బంగ్లాదేశ్‌లో వ్యవసాయ పరిశోధకులతో కలిసి ఏడాదిపాటు పనిచేసినప్పుడు ఆయనను ఒక ప్రశ్న పట్టుకున్నది. రైతుల నుంచి తెలుసుకున్నది ఆంగ్లంలో వ్యాసంగా అచ్చయితే పేరూ ప్రతిఫలమూ తనకు దక్కుతున్నాయి, చెప్పిన రైతుకు మాత్రం ఆ వ్యాసం చదివే వీలు కూడా లేదు. 1980ల చివర హనీ బీ నెట్‌వర్క్ పుట్టింది ఆ ఇబ్బంది నుంచే. తేనెటీగ మకరందం తీసుకున్నా పువ్వు పేదది కాదు, పైగా పుప్పొడి ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు చేరుతుంది. అందుకే చెప్పిన మనిషి పేరు చెప్పాలి, విన్నది అతని భాషలోనే తిరిగి అతనికి చేరవేయాలి అన్న నియమం పెట్టుకున్నారు. ఈ పనికి అండగా 1993లో సృష్టి అనే సంస్థ, 2000లో ఊళ్లలోని ఆవిష్కర్తలకు తోడ్పడే నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ వచ్చాయి. 2004లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

మాస్టారు: ఇదంతా నాకు ఇష్టమైన కథే. కాని దీనికి ముందు అదే అహ్మదాబాదు ఐఐఎంలో ఒక మనిషి కుర్చీ దిగిన కథ చెప్పకపోతే, గుప్తా గారు ఆకాశం నుంచి ఊడిపడ్డారని శ్రోతలు అనుకుంటారు.

శిష్యురాలు: ఒకటి. కుర్చీ మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెడుతున్నాను.

మాస్టారు: లెక్కపెట్టుకో. రవి మత్తాయ్ 1965లో, 38 ఏళ్ల వయసులో, ఆ సంస్థకు మొదటి పూర్తికాల డైరెక్టరయ్యారు. అంతకుముందు విక్రమ్ సారాభాయ్ గౌరవ హోదాలో ఆ బాధ్యత చూసేవారు. మత్తాయ్‌కు డాక్టరేటు లేదు. కలకత్తాలో కంపెనీ ఉద్యోగం చేసి, అక్కడి ఐఐఎంలో పాఠం చెప్పి వచ్చినవారు. 1972లో, ఎవరూ పొమ్మనకుండానే, డైరెక్టరు పదవి వదిలి అదే సంస్థలో మామూలు ఆచార్యుడిగా కూర్చున్నారు. నిన్నటిదాకా తన సంతకంకోసం ఎదురుచూసిన సహోద్యోగుల పక్కన, మామూలు గదిలో, మామూలు పాఠంతో కూర్చోవడానికి ఎంత గుండె కావాలో, కుర్చీ చుట్టూ జీవితమంతా తిరిగేవాళ్లను చూసిన నాకు తెలుసు.

శిష్యురాలు: రెండు. ఇక జవాజాకు వెళ్లబోతున్నారని శ్రోతలందరికీ అర్థమైపోయింది.

మాస్టారు: వెళ్లక తప్పుతుందా? 1975లో ఆయన రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లా జవాజా బ్లాకును ఎంచుకున్నారు. దాదాపు 200 గ్రామాలు, 80,000 జనాభా, తరచూ కరువు. అక్కడ వనరులేవీ లేవని అధికారులు చెబితే, మనుషులున్నారు కదా అన్న చోట ఆయన పని మొదలైంది. దానికి గ్రామీణ విశ్వవిద్యాలయం అని పేరు పెట్టారు కాని, భవనమూ పట్టాలూ లేవు. ఊరివాళ్లూ బయటినుంచి వచ్చినవాళ్లూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడమే పాఠ్యక్రమం. జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడి నుంచి అశోక్ ఛటర్జీ, డిజైనర్లు వచ్చారు. తోలుపని చేసేవాళ్లతో, నేతపని చేసేవాళ్లతో కూర్చుని, పట్టణంలో అమ్ముడుపోయే సంచులూ తివాచీలూ ఎలా తయారుచేయాలి, బ్యాంకుతో ఎలా మాట్లాడాలి, మధ్యవర్తి చేతిలో పడకుండా సరుకును బజారుకు ఎలా చేర్చాలి అనే విషయాలను ఏళ్ల తరబడి కలిసి నేర్చుకున్నారు. చివరికి ఆ చేతివృత్తులవాళ్లకంటూ ఒక సంఘం నిలిచింది. వీటన్నిటికంటే నాకు ముఖ్యమైన నియమం ఒకటున్నది. వచ్చినవాళ్లు ఎలా వెళ్లిపోవాలో మొదటిరోజు నుంచే ఆలోచించాలి.

శిష్యురాలు: మాస్టారూ, ఇక్కడే నాకు మీతో పేచీ. వెళ్లిపోవడం గొప్ప గుణమని మీరు పదేపదే అంటారు. కాని 80,000 మంది ఉన్న చోట చివరకు నిలిచింది కొన్ని కుటుంబాల సంఘం మాత్రమే. అదే గుప్తా గారు వెళ్లిపోలేదు. ఒకటి తరువాత ఒకటిగా సంస్థలు కట్టి, ఊళ్లలోని ఆవిష్కర్తల పేరుమీద పేటెంట్లకు దరఖాస్తులు పెట్టించి, పెట్టుబడికి దారి చూపించారు. ఎవరి పని ఎక్కువమందికి చేరింది?

మాస్టారు: చేరడం ఒక లెక్క, వదలగలగడం ఇంకొక లెక్క. నువ్వు వెళ్లిపోయిన తరువాత అక్కడివాళ్లు తమ లెక్కలు తామే చూసుకోగలిగితేనే నువ్వు పాఠం చెప్పినట్లు. లేకపోతే నీ కుర్చీని ఊళ్లోకి మోసుకుపోయినట్లే.

శిష్యురాలు: మూడు. కాని ఒక్కమాట నిజాయితీగా చెప్పండి. మత్తాయ్ గారు డైరెక్టరు పదవి వదిలినా ఆ సంస్థ పేరు ఆయనను వదలలేదు కదా? ఆయన తండ్రి జాన్ మత్తాయ్ కేంద్ర ఆర్థిక మంత్రిగా పనిచేసినవారు. అటువంటి మనిషి వచ్చి పిలిస్తే బ్యాంకు మేనేజరు లేచి నిలబడతాడు. జిల్లా కాలేజీ లెక్చరరు అదే పని మొదలుపెడితే, ఆ మేనేజరు అతన్ని బల్లమీద కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా ఎదురుచూడమంటాడు. కుర్చీ దిగడం గొప్పదే కాని, దిగడానికి ముందు ఎక్కడానికి కుర్చీ ఉండాలి.

మాస్టారు: (కొద్దిసేపు మౌనం) బల్ల సంగతి నాకు చెబుతున్నావా? నేను కూర్చున్నాను. చేనేత సహకార సంఘం వాళ్ల కాగితాలు పట్టుకుని పదకొండుసార్లు కూర్చున్నాను.

శిష్యురాలు: తెలుసు మాస్టారూ. అందుకే అన్నాను.

మాస్టారు: ఆ ఏడు పదోన్నతి ఇంటర్వ్యూలో, సంఘం పనిమీద నేను పెట్టిన కాగితాలను ఒకాయన ఒక వేలితో పక్కకు నెట్టి, పత్రికల్లో వ్యాసాలెన్ని అని అడిగాడు. ఆ కాలేజీ పేరెందుకు, అన్నిచోట్లా అంతే. ఆ కాగితాలే...

శిష్యురాలు: పసుపు ఫైలు.

మాస్టారు: తెరవనన్నాను కదా.

శిష్యురాలు: తెరవవద్దు. కాని శ్రోతలకు దానివల్ల ఒక సంగతి తెలియాలి. ఇప్పుడు జాతీయ స్థాయిలో ఉన్నత విద్యాసంస్థలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్‌లో అవుట్‌రీచ్, ఇంక్లూజివిటీ, అంటే జనంలోకి వెళ్లడం, అందరినీ కలుపుకుపోవడం అనే అంశం ఉన్నది, 100కు 10 మార్కులు. ఆ పేరు చూసి, ఊళ్లో చేసిన పనికి విలువ దొరికిందని మా కాలేజీలో చాలామంది సంబరపడ్డారు. తీరా చూస్తే అందులో కొలిచేది ఇతర రాష్ట్రాలనుంచి వచ్చిన విద్యార్థులెందరు, ఆడవాళ్లెందరు, ఆర్థికంగా వెనుకబడినవాళ్లెందరు, వికలాంగులకు సదుపాయాలున్నాయా అని. అవి ముఖ్యమైనవే, కాదనను. కాని ఆచార్యుడు ఊరికి వెళ్లి ఏం నేర్చుకున్నాడన్నదానికి అందులో గడి లేదు.

మాస్టారు: గడి పెడితే ఇంకా ప్రమాదం. గడి వచ్చిన మరునాడే ప్రతి విభాగమూ ఒక గ్రామాన్ని దత్తత తీసుకుని, ఫొటో దిగి, తిరిగి వస్తుంది. గుప్తా గారి శోధయాత్రలో నాకు నచ్చింది అదే. 1998 నుంచి ఏటా రెండుసార్లు, ఎండలో ఒకసారి, చలిలో ఒకసారి, కాలినడకన ఊళ్లు తిరిగారు. వెళ్లిన ఊళ్లో ముసలివాళ్లను సత్కరించడం, పిల్లలకు మొక్కలూ జీవజాతులూ గుర్తుపట్టే పోటీలు, ఆడవాళ్లకు మరుగునపడిన వంటల పోటీలు పెట్టడం. ఎండలో నడిచేవాడికి ఫొటో మీద ఆసక్తి తొందరగా పోతుంది.

శిష్యురాలు: ఆయనను ఒప్పుకున్నారన్నమాట.

మాస్టారు: ఎప్పుడు కాదన్నాను? ఆయన కంటే మత్తాయ్ నాకు దగ్గర అన్నాను, అంతే.

శిష్యురాలు: అయితే మన దగ్గరకు రండి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారిని తీసుకోండి. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ఆడించడం. అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన కట్టిన లక్ష్మీ ఆసు యంత్రం 1999లో పూర్తయింది. ఆయన యంత్రాన్ని ఏ ఆచార్యుడూ కనిపెట్టలేదు. హైదరాబాదు నుంచి బ్రిగేడియర్ గణేశం గారు నడిపిన పల్లె సృజన అనే సంస్థ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ చేసిందల్లా, ఇది ఫలానా మనిషి పని అని గట్టిగా చెప్పి, ఆయనను ముందుకు తీసుకురావడం. 2017లో పద్మశ్రీ మల్లేశం గారికి వచ్చింది. మీ వెళ్లిపోయే నియమం ఇక్కడ పెట్టి ఉంటే, ఎవరో ఒకరు వచ్చి దానిమీద తమ పేరు రాసుకునేవారు.

మాస్టారు: అది... అది నిజమే. ఆ మాటకు నా దగ్గర వెంటనే సమాధానం లేదు. ఆసు దగ్గర నేనూ కూర్చున్నాను, మా సంఘంలో ఒకావిడ సాయంత్రానికి భుజం ఎత్తలేకపోయేది. ఆ సమస్యమీద నేను రెండు పేజీలు రాశాను కాని, యంత్రం ఆలోచన నాకు రాలేదు. మేనేజ్‌మెంటు చెప్పేవాడిని కదా, పని సమయాన్ని గంటల్లో కొలిచాను.

శిష్యురాలు: ఆ రెండు పేజీలు ఎక్కడున్నాయి?

మాస్టారు: దీంట్లోనే. ఆగు, ఒక్క నిమిషం, ఈ దారం ముడి పడిపోయింది. ఆ కత్తెర ఇటు ఇవ్వు. కాదమ్మా, మైకు పక్కనున్నది.