సీలింగ్ హ్యాంగరా, మడిచే స్టాండా? బట్టలు బీరువా దాకా చేరాలంటే ఏది కొనాలి

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈ వీడియోలో మూడు వస్తువులు చూపిస్తాను. బాల్కనీ పైకప్పుకు బిగించే సీలింగ్ హ్యాంగర్, నేల మీద నిలబెట్టే స్టీల్ స్టాండ్, ఈ మధ్య చాలామంది అడుగుతున్న బట్టల మడత బోర్డు. మూడూ మా హనుమకొండ ఇంట్లో వాడుతున్నవే, మా డబ్బులతో కొన్నవే. బ్రాండ్ పేర్లు చెప్పను, షాపులో ఏం చూసి తీసుకోవాలో చెప్తాను.

వాషింగ్ మెషీన్ వచ్చాక ఉతకడం తేలికైపోయింది. ఆరేయడం కూడా ఎలాగో అయిపోతుంది. పని ఆగిపోయేది ఆ తర్వాతే. ఆరిన బట్టలన్నీ ఒక్కసారి చంకన వేసుకొచ్చి దివాన్ మీద పడేస్తాం. పిల్లల యూనిఫారాలు, మామయ్య పంచెలు, నైటీలు, తువ్వాలలు అన్నీ కలిసిపోతాయి. పొద్దున స్కూల్ ఆటో హారన్ కొడుతుంటే ఆ కుప్పలో సాక్సు వెతకాలి, అదో టెన్షన్. రెండు రోజులు అక్కడే ఉంటే నలిగిపోయి, ఇస్త్రీ అక్కర్లేనివి కూడా ఇస్త్రీకి పోతాయి. కాబట్టి ఈ మూడింటినీ నేను ఒకటే లెక్కతో చూశాను: తడి బట్ట బకెట్‌లోంచి బయల్దేరితే, మధ్యలో దివాన్ ఎక్కకుండా బీరువాలోకి చేరుతుందా?

ముందు సీలింగ్ హ్యాంగర్. ఇదిగో చూడండి, ఆరు పైపులు ఉన్నాయి. ఒక్కో పైపుకు తాడు విడిగా ఉంటుంది. నాకు కావాల్సిన పైపు ఒక్కటే ఛాతీ ఎత్తు దాకా దించుకుని, బట్టలు వేసి, తాడు లాగి ఈ కొక్కేనికి చుట్టేస్తే పైకి వెళ్ళిపోతుంది. మా అత్తమ్మకు భుజం నొప్పి, చేతులు పైకెత్తి దండెం మీద వేయలేరు. ఇది దించుకుని హాయిగా ఆమే వేసుకుంటున్నారు.

దీంతో నాకు నచ్చిన అసలు సంగతి వేరే ఉంది. మేము పైపులను మనుషులకు పంచుకున్నాం. మొదటిది అత్తమ్మ, మామయ్యలది. రెండోది మా వారిది, మూడోది నాది, తర్వాత రెండూ పిల్లలవి, చివరిది తువ్వాలలకు, దుప్పట్లకు. ఆరేసేటప్పుడే ఎవరివి వాళ్ళ పైపు మీద వేస్తాం. ఆరాక ఆ ఒక్క పైపు దించి, అక్కడే నిలబడి మడత పెట్టి, కింద ఉన్న వాళ్ళ బుట్టలో వేస్తాం. ఇక ఏరుకునే పనే లేదు. ఎవరి బుట్ట వాళ్ళు తీసుకెళ్ళి అల్మారాలో సర్దుకుంటారు. చిన్నదానికి ఏడేళ్ళే, అయినా తన బుట్ట తనే మోసుకుపోతుంది.

బిగించే దగ్గర మాత్రం జాగ్రత్త. పీఓపీ ఫాల్స్ సీలింగ్‌కు దీన్ని అస్సలు వేయించకండి. డ్రిల్ స్లాబులోకి దిగాలి, యాంకర్ ఫాస్టెనర్లు, అంటే స్లాబు లోపల బిగుసుకునే ఇనుప బోల్టులు వాడాలి. స్క్రూ కోసం రంధ్రంలో దిగ్గొట్టే మామూలు ప్లాస్టిక్ గట్టాలు సున్నం, ప్లాస్టర్ వరకే పట్టుకుంటాయి, బరువు పడితే ఊడొస్తాయి. బరువు ఎంతంటే, స్పిన్ అయ్యాక కూడా కాటన్ బట్టల్లో వాటి పొడి బరువులో సగమో, అంతకంటే ఎక్కువో నీళ్ళు ఉంటాయి. ఆరు కిలోల బట్టలు వేస్తే పైన వేలాడేది తొమ్మిది కిలోలు దాటుతుంది. ఇదిగో, ఈ పైపు మీద తడి జీన్స్ నాలుగు వేశాను. మధ్యలో వంగింది చూశారా? ఇది ఏడడుగుల పైపు. పక్కనున్న అయిదడుగుల పైపు మీద అవే జీన్స్ వేస్తే వంపు కనిపించడం లేదు. బాల్కనీలో చోటున్నా సరే, పొడవు పైపులకు ఆశపడకండి. తాడు కూడా కప్పీ మీద రాసుకునే చోట పీచు లేస్తుందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి, ఎండ తగిలే బాల్కనీ అయితే మరీను.

డాబా ఉండగా ఇదంతా ఎందుకు అంటారా? మన వైపు కోతుల సంగతి మీకు తెలిసిందే. క్లిప్పు పెట్టినా లాగి పక్కింటి డాబా మీద పడేస్తాయి. ముసురు పట్టిందంటే మెట్లెక్కి దిగడమే సరిపోతుంది. అట్లని డాబాను పూర్తిగా వదలలేం. పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుంది గానీ, ఎండలో వేస్తే వెలిసిపోతుంది. మేడారం జాతర నుంచో, పెళ్ళి నుంచో వచ్చిన బట్టలకు ఎండే మందు. మన వరంగల్ కొత్తవాడలో నేసే బరువైన జంపఖానా తడిస్తే ఈ పైపులూ మోయలేవు, స్టాండూ మోయలేదు. దానికి పిట్టగోడే దిక్కు.

ఇప్పుడు స్టీల్ స్టాండ్. అద్దె ఇంట్లో ఉండి, స్లాబుకు రంధ్రాలు పెడితే ఓనర్ ఒప్పుకోకపోతే ఇదే తీసుకోండి. రెక్కలు విప్పితే ఒక లోడు బట్టలు పడతాయి, మడిస్తే తలుపు వెనక ఇమిడిపోతుంది. వానాకాలంలో దీనంత ఉపయోగం ఇంకోటి లేదు, హాల్లో ఫ్యాను కిందికి జరుపుకోవచ్చు. కొనేటప్పుడు రెక్కలు మడిచే కీళ్ళు చూడండి. ప్లాస్టిక్ కీలు ముందుగా విరుగుతుంది, రంగు వేసిన ఇనుమైతే కీలు దగ్గరే తుప్పు మొదలై తెల్ల చొక్కాకు మరక అంటుతుంది. షాపులో అయస్కాంతం పెట్టి "చూడండి మేడమ్, అంటుకోలేదు, మంచి స్టీల్" అంటారు. మంచి స్టీల్ రకమైన 304 గ్రేడు మామూలుగా అంటుకోదు, నిజమే. కానీ చవకైన 202 గ్రేడు కూడా మామూలుగా అంటుకోదు, తుప్పు మాత్రం దానికే ముందు పడుతుంది. అందుకని గ్రేడు బిల్లు మీద రాయించుకోండి.

స్టాండుతో ఒక ఇబ్బంది ఉంది. కడ్డీలు దగ్గరదగ్గరగా ఉంటాయి. అన్ని కడ్డీల మీదా వేస్తే గాలి ఆడదు, ముక్కిపోయిన వాసన వస్తుంది. ఆ వాసన బట్టలో తడి ఎక్కువసేపు నిలిచినప్పుడు పెరిగే బ్యాక్టీరియాది. కంఫర్ట్ లాంటివి ఎంత పోసినా దాన్ని కప్పుతాయే గానీ పోగొట్టవు. కడ్డీ విడిచి కడ్డీ వేయండి, ఫ్యాను పెట్టండి, తువ్వాలలూ జీన్సూ ఇంకో స్పిన్ తిప్పండి. టాప్ లోడ్ మెషీన్లలో స్పిన్ ఎక్కువగా నిమిషానికి 700 చుట్ల దగ్గరే ఉంటుంది, ఫ్రంట్ లోడ్‌లో 1200, 1400 దాకా వెళ్తుంది. టాప్ లోడ్ వాళ్ళకు ఆ రెండో స్పిన్ బాగా పనికొస్తుంది. నడుము పట్టీ, జేబు, చంక కుట్టు పట్టుకుని చూస్తేనే ఆరిందో లేదో తెలుస్తుంది. అక్కడ చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, బీరువాలో పెట్టకండి.

మడత బోర్డు త్వరగా చెప్పేస్తాను. టీషర్టు బోర్లా పరిచి, కుడి రెక్క, ఎడమ రెక్క, కింది రెక్క తిప్పితే మడత వచ్చేస్తుంది. అన్నీ ఒకే కొలతలో వస్తాయి కాబట్టి అరలో నిలబెట్టి సర్దొచ్చు. పెద్దవాళ్ళకు చేత్తోనే అంతకంటే తొందరగా అవుతుంది. చీరలకూ, పంచెలకూ, లంగాలకూ ఇది పనికిరాదు. పిల్లలకు మాత్రం బాగుంది, మా బాబు తన బట్టలు దీని మీద పెట్టి తనే మడుస్తున్నాడు. అట్టపెట్టె కోసి, టేపు అంటించి ఇంట్లోనే చేసుకోవచ్చు, డబ్బులు పెట్టాల్సిన పని లేదు.

డబ్బులు పెట్టదగ్గది చొక్కాలు తగిలించే మామూలు హ్యాంగర్ల మీద. చొక్కాలు, కుర్తాలు, యూనిఫారం షర్టులు తడిగా ఉన్నప్పుడే ఒకసారి గట్టిగా దులిపి, హ్యాంగర్‌కు వేసి, గుండీ ఒకటి పెట్టి పైపుకు తగిలించండి. ఆరాక అదే హ్యాంగర్‌తో బీరువాలోకి. మడతే లేదు. సగం చొక్కాలకు ఇస్త్రీ కూడా అక్కర్లేదు. తప్పనిసరిగా ఇస్త్రీ కావాల్సినవి పైపు మీద నుంచే సంచిలో వేసి బండి దగ్గరికి పంపిస్తాం. సాక్సులకూ లోపలి బట్టలకూ గుండ్రటి క్లిప్పుల హ్యాంగర్ ఒకటి చాలు. సాక్సులు జతగానే క్లిప్పుకు పెట్టండి, జతగానే తీయండి.

ధరలు ఆరు పైపుల హ్యాంగర్‌కు 2,000 నుంచి 4,000 రూపాయల మధ్య, స్టాండుకు ఇంచుమించు 1,500 నుంచి 3,000 దాకా. బిగించడానికి మనిషి కూలీ వేరే అడుగుతారు, ముందే మాట్లాడుకోండి. సొంత ఇల్లు, బాల్కనీ ఉంటే సీలింగ్ హ్యాంగర్‌కే నా ఓటు. కొనే ముందు బాల్కనీ పొడవు కొలిచి, ఇంట్లో ఎంతమందో లెక్కేసుకుని, మనిషికో పైపు వచ్చేలా చూసుకోండి. మీ కొలతలు కింద కామెంట్‌లో పెడితే ఎన్ని పైపులు సరిపోతాయో చెప్తాను. ఉంటానండి.